రోజర్స్ గారి పేటలో

ఫిబ్రవరి 19, 2023, ఆదివారం. పిట్స్‌బర్గ్

1968లో ఇదే తేదీన ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’ అనే పిల్లల కార్యక్రమం అమెరికా అంతటా టీవీలో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 2001 ఆగస్టు 31 దాకా కొత్త ఎపిసోడ్లు వస్తూనే ఉన్నాయి. మొత్తం తొమ్మిది వందల దాకా ఉంటాయి. తయారైంది ఈ ఊళ్లోనే, డబ్ల్యూక్యూఈడీ స్టూడియోలో.

ప్రతిసారీ ఒకటే వరస. ఫ్రెడ్ రోజర్స్ పాడుకుంటూ తలుపు తీసుకుని లోపలికి వస్తాడు. కోటు విప్పి అలమరలో తగిలిస్తాడు. స్వెటర్ తొడుక్కుని జిప్పు పైదాకా లాగి, మళ్లీ సగం దాకా దింపుతాడు. కూర్చుని బయట తిరిగే బూట్లు విప్పి గుడ్డ బూట్లు వేసుకుంటాడు. ఒక బూటును ఈ చేత్తో ఎగరేసి ఆ చేత్తో పట్టుకుంటాడు. తర్వాత చేపలకు మేత వేస్తాడు. కాసేపటికి చిన్న ఎర్ర ట్రాలీ గంట కొట్టుకుంటూ వచ్చి, బొమ్మలు మాట్లాడే రాజ్యానికి తీసుకెళ్తుంది.

ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లలతోనే గడిపాను. గంట, ప్రార్థన, హాజరు, ఆ తర్వాత పలకలు బయటికి తీయడం. ఈ వరస ఒక్కరోజు తప్పితే పిల్లలు ఎంత కంగారుపడతారో తెలుసు. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన పిల్లే కొత్త సంగతి వినడానికి సిద్ధంగా ఉంటుంది. రోజర్స్ ఆ స్వెటర్ తొడుక్కోవడానికి ఎందుకంత సమయం తీసుకుంటాడో నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఫిబ్రవరి 27, సోమవారం

ఆయన పోయి నేటికి ఇరవై ఏళ్లు. కడుపులో కేన్సర్. 74 ఏళ్ల వయసు.

సొంతూరు లాట్రోబ్. ఇక్కడికి నలభై మైళ్లుంటుంది. 1928 మార్చి 20న కలవారింట్లో పుట్టాడు. డబ్బుకు లోటు లేదు కానీ బడిలో సుఖం లేదు. లావుగా ఉండేవాడు, బిడియస్తుడు, పైగా ఉబ్బసం. మగపిల్లలు వెంటపడి వెక్కిరించేవాళ్లట. పెద్దవాళ్లేమో, పట్టించుకోనట్టు ఉండు, వాళ్లే మానేస్తారు అనేవాళ్లట. ఆ సలహా ఆయనకు జన్మంతా గుర్తుంది. పట్టించుకోనట్టు నటించమన్నారు గానీ, బాధపడే హక్కు నీకుంది అని ఒక్కరూ అనలేదు. గదిలో ఒంటరిగా ఏడ్చుకునేవాడు, పియానో వాయించుకునేవాడు, బొమ్మల చేత మాట్లాడించేవాడు.

ఆదుకున్నది అమ్మ వాళ్ల నాన్న, ఫ్రెడ్ మెక్‌ఫీలీ తాత. నువ్వు నువ్వుగా ఉన్నావు చూడు, అందుకే నాకీ రోజు బాగుంది అన్న అర్థం వచ్చేలా మనవడికి చెప్పేవాడట. మనవడు ఆ మాటను దాచుకుని, ముప్పై ఏళ్లకు పైగా ప్రతి ఎపిసోడ్ చివరా దేశంలోని పిల్లలందరికీ పంచాడు. కార్యక్రమంలో ఉత్తరాలు, పొట్లాలు తెచ్చే మనిషికి తాత పేరే పెట్టాడు.

మార్చి 4, శనివారం

అమ్మాయి, అల్లుడు హైంజ్ హిస్టరీ సెంటర్‌కు తీసుకెళ్లారు. టీవీలో కనిపించే ఆ ముందుగది అక్కడుంది. మెక్‌ఫీలీ మూడు చక్రాల బండి, గుడ్లగూబ ఉండే చెట్టు, రాజుగారి కోట కూడా ఉన్నాయి.

నేను ఎక్కువసేపు నిలబడింది స్వెటర్ దగ్గరే. రోజర్స్ స్వెటర్లను అల్లింది వాళ్లమ్మ నాన్సీ. ఏటా క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదికీ తలా ఒకటి అల్లేదట. ఎర్ర స్వెటర్ ఒకటి 1984లో స్మిత్సోనియన్ మ్యూజియంకు చేరింది. తల్లి అల్లినదాన్ని తొడుక్కుని, తాత చెప్పిన మాట చెబుతూ కెమెరా ముందు కూర్చున్న మనిషి. ఆయనకు తన కార్యక్రమం నటనలా అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణమేమో అనుకున్నాను.

మార్చి 11, శనివారం

చేప చనిపోయిన ఎపిసోడ్ చూశాను. 1970 నాటిది.

ఎప్పటిలాగే మేత వేయబోతూ ఆగుతాడు. తొట్టి అడుగున ఒక చేప కదలకుండా పడి ఉంది. చచ్చిపోయింది అని తేలిక మాటల్లో చెప్పేస్తాడు. ఉప్పునీళ్లలో వేస్తే ఒక్కోసారి చేప కోలుకుంటుందని విన్నాను, చూద్దాం అంటూ వేరే గిన్నెలో ఉప్పు కలిపి, చేపను అందులోకి దించుతాడు. మనమూ ఆయనతోపాటు చూస్తూ ఉంటాం. చేప కదలదు. అద్భుతమేమీ జరగదు. దాన్ని తీసి కాగితంలో చుట్టి, పెరట్లోకి తీసుకెళ్లి, చిన్న గొయ్యి తీసి పూడుస్తాడు. చేసే పనులన్నీ తొందర లేకుండా చేస్తాడు. మట్టి కప్పడం కూడా పూర్తిగా చూపిస్తాడు.

తర్వాత తన చిన్నప్పటి కుక్క మిట్జీ సంగతి చెబుతాడు. అది పోయినప్పుడు ఏడ్చానంటాడు.

మన ఇళ్లలో ఎవరైనా పోతే, ‘దేవుడి దగ్గరికి వెళ్లారు’ అనో ‘ఊరెళ్లారు’ అనో పిల్లలకు చెప్పి పక్కింటికి పంపించేస్తాం. నా తరగతిలో ఒక పిల్లాడు తాత పోయాక వారం దాకా, ‘ఊరి నుంచి ఎప్పుడొస్తాడు టీచరుగారూ’ అని అడుగుతూనే ఉన్నాడు. ఇంట్లో వాళ్లది ప్రేమే, కాదనను. కానీ పిల్లాడు ఎదురుచూస్తూ ఉండిపోయాడు. రోజర్స్ నాలుగేళ్ల పిల్లను కెమెరా అవతల కూర్చోబెట్టుకుని, చావు అంటే కదలకపోవడమని, తిరిగి రాకపోవడమని, దాన్ని తలుచుకుని ఏడవచ్చని, ఏడ్చాక మళ్లీ ఆడుకోవచ్చని చెప్పాడు. ఒక చిన్న చేపతో ఇదంతా చెప్పగలిగాడు.

మార్చి 12

మరో చేప సంగతి. చూపులేని ఒక పాప ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందట. మీరు చేపలకు మేత వేస్తున్నారో లేదో నాకు కనబడదు, ఆకలితో ఉన్నాయేమో అని బెంగగా ఉంది, వేసేటప్పుడు పైకి చెప్పండి అని. అప్పటి నుంచి మేత వేస్తూ, వేస్తున్నానని పైకి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. మిగతా పిల్లలకు కారణం తెలియదు. తెలియాల్సిన పాపకు తెలుసు.

మార్చి 22, బుధవారం. ఉగాది

పెన్‌హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. 1970ల్లో కట్టిన గుడి, ఈ దేశంలోని తొలితరం హిందూ దేవాలయాల్లో ఒకటి. శోభకృత్ నామ సంవత్సర పంచాంగ శ్రవణం, పచ్చడి, అందరూ పట్టుచీరల మీద చలికోట్లు.

ప్రసాదాల వరుసలో ఎనభైల్లో ఇక్కడికి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. గుంటూరు వైపు వాళ్లు. రోజర్స్ పేరెత్తితే మొహం వెలిగిపోయింది. “వదినగారూ, పిల్లలకంటే నేనే ఎక్కువ చూసేదాన్ని. ఈ దేశంలో నాకు మొత్తం అర్థమయ్యేలా మాట్లాడింది ఆయనొక్కడే!” అంది. రోజర్స్ మాంసం ముట్టడని కూడా ఆవిడకు తెలుసు.

మనకూ ఉన్నారు కదా అని ఇద్దరం రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారినీ, అక్కయ్య కామేశ్వరిగారినీ తలుచుకున్నాం. మొదట మద్రాసు నుంచి, తర్వాత హైదరాబాదు నుంచి రేడియోలో పిల్లల కోసం బాలానందం నడిపారు. పిల్లలతో మాట్లాడటమే జీవితమంతా చేయదగ్గ పని అని నమ్మినవాళ్లు వాళ్లూ. అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో పోయారు. వాళ్ల గొంతులు ఈ తరానికి ఎక్కడ వినిపిస్తాం? రోజర్స్ ఎపిసోడ్లు దాచిపెట్టారు కాబట్టి నేనీ వయసులో చూడగలుగుతున్నాను. మన బాలానందం రికార్డింగులు కూడా ఉన్నంత మేరకు పిల్లలకు అందుబాటులోకి రావాలి. ఇది నా గట్టి కోరిక.

ఏప్రిల్ 1, శనివారం

1954లో ఇదే రోజున డబ్ల్యూక్యూఈడీ ప్రసారాలు మొదలయ్యాయి. ఊళ్లో జనం చందాలతో నడిపించుకున్న స్టేషన్.

రోజర్స్ టీవీలోకి రావడానికి కారణం టీవీ మీద కోపం. 1951లో సంగీతంలో డిగ్రీ పూర్తిచేసే సమయంలో ఇంట్లో కొత్తగా కొన్న టీవీ చూశాడు. మనుషులు ఒకరి మొహాన ఒకరు తినే పదార్థాలు కొట్టుకుంటున్నారు, దానికి అందరూ నవ్వాలి. ఇంత గొప్ప సాధనం ఇందుకా అని మండిపోయి, మత గురువు కావాలన్న ఆలోచన పక్కన పెట్టి న్యూయార్క్‌లో ఎన్‌బీసీలో చేరాడు. అక్కణ్ణుంచి ఇక్కడికి.

మొదటి కార్యక్రమం ‘చిల్డ్రన్స్ కార్నర్’లో కెమెరా ముందు జోసీ కేరీ ఉండేది. ఈయన తెర వెనక బొమ్మలాడించి, ఆర్గన్ వాయించేవాడు. రెండింటి మధ్యా పరుగెత్తుతుంటే తోలుబూట్లు టకటకమనేవి, అందుకని గుడ్డ బూట్లకు మారాడు. తర్వాత ప్రపంచమంతా చూసిన బూట్లు అవే. ప్రసారం మొదలయ్యే ముందు రోజు స్టేషన్ మేనేజర్ డొరొతీ డేనియల్ ఒక చిన్న పులిబొమ్మ చేతికిచ్చింది. దానికి ఆవిడ పేరే పెట్టి డేనియల్ అన్నాడు.

మా మనవరాలు ఇప్పుడు చూస్తున్న కార్టూను 2012లో మొదలైన ‘డేనియల్ టైగర్స్ నైబర్‌హుడ్’. అందులోని పులికి ఈ పాత బొమ్మే తండ్రి. కార్టూను మంచిదే. అయినా నాకు ఆ పాత బొమ్మే ఇష్టం. దాని గొంతులో భయం వినిపిస్తుంది. బొమ్మ వెనక ఉన్న మనిషి తన చిన్నతనాన్ని దానికి ఇచ్చేశాడు.

మత గురువు కావడం కూడా మానలేదు. మధ్యాహ్నం భోజన విరామాల్లో సెమినరీకి వెళ్లి చదివి, 1963లో దీక్ష తీసుకున్నాడు. చర్చి ఆయనకు అప్పగించిన పని, టీవీ ద్వారా పిల్లలకూ కుటుంబాలకూ సేవ చేయమని.

ఏప్రిల్ 12, బుధవారం

ఈ డైరీలో నేను ముఖ్యంగా రాసుకోవాలనుకున్నది ఇదే.

రోజర్స్‌ను అందరూ ‘ఎంత మంచివాడో’ అంటారు. నిజమే. కానీ ఆ మంచితనం వెనక ఉన్న కష్టాన్ని తక్కువ మంది చూస్తారు. ఆయన ఒక్క వాక్యం మీద ఎంతసేపు కూర్చునేవాడో చదువుతుంటే, పిల్లలకు పాఠాలు రాసేవాళ్లంతా ఆయన దగ్గర శిష్యరికం చేయాలనిపిస్తుంది.

ఆయన దగ్గర పనిచేసిన ఆర్థర్ గ్రీన్‌వాల్డ్, బారీ హెడ్ 1977లో సరదాగా ఒక చిన్న పుస్తకం రాసుకున్నారు. పిల్లలకు చెప్పే మాటను రోజర్స్ ఎన్ని వడపోతలు పోస్తాడో అందులో తొమ్మిది మెట్లుగా ఉంది. ఉదాహరణకు, వీధిలో ఆడుకోవడం ప్రమాదం అని చెప్పాలి. ముందు, వద్దనడం మానేసి కావాల్సింది చెప్పాలి: భయం లేని చోట ఆడుకోవడం మంచిది. కానీ ఏది భయం లేని చోటో చిన్నపిల్లకు తెలియదే? అయితే అమ్మానాన్నలను అడగమనాలి. అడుగు అంటే ఆజ్ఞలా ఉంది, వాళ్లు చెబుతారు అందాం. చెబుతారని మనమెలా హామీ ఇస్తాం? చెప్పగలరు అందాం. అసలు అందరికీ అమ్మానాన్నలు ఉంటారా? నీకు ఇష్టమైన పెద్దవాళ్లు అందాం. ఇలా మార్చుకుంటూ, చివరికి పెద్దల మాట వినడం నువ్వు ఎదగడంలో ఒక ముఖ్యమైన భాగం అన్న దాకా తీసుకెళ్తారు.

అమ్మానాన్నలు లేని పిల్ల దగ్గర ఆగాను. నలభై మంది కూర్చున్న గదిలో ‘రేపు మీ అమ్మ చేత సంతకం పెట్టించుకు రండి’ అని ఎన్ని బళ్లలో ఎంతమంది టీచర్లు రోజూ అంటుంటారు! తల్లి లేని పిల్ల ఆ గదిలో ఉంటుంది. రోజర్స్‌కు ఎదురుగా పిల్లలే లేరు, ఉన్నది కెమెరా అద్దం. అయినా ఆ పిల్లను మర్చిపోలేదు.

ఇదంతా ఊహించి చేసింది కాదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పిల్లల మనస్తత్వం చదివిన మార్గరెట్ మెక్‌ఫార్లాండ్ దగ్గరికి వారం వారం వెళ్లేవాడు. స్క్రిప్టులు చూపించేవాడు, పాటలు వినిపించేవాడు. 1988లో ఆవిడ పోయేదాకా ఇది సాగింది. అప్పటికే దేశమంతా పేరున్న మనిషి, ఇంకా పాఠం చెప్పించుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ గురించి ఆయన చెప్పిన సంగతి ఒకటి నాకు చాలా నచ్చింది. బడికి ఒక శిల్పిని పిలిచిందట. మీరు బొమ్మలు చేయడం నేర్పొద్దు, పిల్లల మధ్య కూర్చుని మట్టిని ప్రేమించండి చాలు అందట. ఆ ఏడు పిల్లలు మట్టితో చేసినన్ని అందమైన పనులు అంతకుముందు ఎన్నడూ చేయలేదట.

ఏప్రిల్ 13

ఒకసారి షూటింగ్ జరుగుతుండగా నటుల్లో ఒకరు హెన్రియెట్టా అనే పిల్లిబొమ్మతో ఏడవకు అన్నారు. రోజర్స్ వెంటనే ఆపించాడు. ఈ కార్యక్రమంలో పిల్లల్ని ఏడవొద్దని ఎవరూ అనరు అని తేల్చి చెప్పాడు.

ఏడ్చే పిల్ల కనబడితే మన నోట ముందు వచ్చే మాట అదే.

మే 1, సోమవారం

1969లో ఇదే రోజున రోజర్స్ అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు కూర్చున్నాడు. పబ్లిక్ టీవీకి రావాల్సిన 20 మిలియన్ డాలర్లలో సగం కోయాలని నిక్సన్ ప్రభుత్వం చూస్తోంది. అధ్యక్ష స్థానంలో జాన్ పాస్టోర్. అప్పటికే కాగితాలు చూసి చదివేవాళ్లను విని విని విసిగిపోయి ఉన్నాడు.

వీడియో ఉంది, రెండుసార్లు చూశాను. రోజర్స్ తను రాసుకొచ్చిన కాగితాన్ని పక్కన పెడతాడు. మీరు తర్వాత చదువుతానన్నారు, మీ మాట నమ్ముతున్నాను అంటాడు. మాటమీద నమ్మకం గురించే కదా నేను పిల్లలకు చెప్పేది అన్నట్టుంటుంది. గొంతు పెంచడు. తన కార్యక్రమానికి ఒక్కో ఎపిసోడ్‌కు 6,000 డాలర్లు అవుతాయని, ఆ డబ్బుతో రెండు నిమిషాల కార్టూను కూడా రాదని చెబుతాడు. మనసులో ఉన్నదాన్ని నోరు తెరిచి చెప్పుకోగలిగితే దాన్ని అదుపులో పెట్టుకోవచ్చునని పిల్లలకు తెలియాలి అంటాడు. చివర్లో, కోపమొచ్చినప్పుడు ఏం చేయాలన్న తన పాటను మామూలు మాటల్లో చదివి వినిపిస్తాడు. మొత్తం ఆరేడు నిమిషాలు.

పాస్టోర్ మొహం మారుతూ ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. ఒళ్లు గగుర్పొడిచింది అని ఒప్పుకున్నాడు, ఆ 20 మిలియన్లు మీరు సంపాదించుకున్నట్టే అన్నాడు. ఒక సెనేటర్‌తో నాలుగేళ్ల పిల్లతో మాట్లాడినంత శ్రద్ధగానే మాట్లాడాడు. అంతకు మించి ఆయన చేసిందేమీ లేదు.

మే 9, మంగళవారం

క్లెమన్స్ ఎపిసోడ్. అది కూడా 1969లోదే, మే నెలే.

ఎండ రోజు. రోజర్స్ చిన్న ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పట్టి, ప్యాంటు మడిచి, పాదాలు ముంచుకుని కూర్చుంటాడు. పేట పోలీసు ఆఫీసర్ క్లెమన్స్ వస్తాడు. ఆ పాత్ర వేసిన ఫ్రాన్స్వా క్లెమన్స్ నల్లజాతివాడు, చక్కటి గాయకుడు. కాసేపు కూర్చోండి అంటాడు రోజర్స్. తువ్వాలు తెచ్చుకోలేదంటాడు క్లెమన్స్. నాది వాడుకోండి అంటాడు ఈయన. క్లెమన్స్ బూట్లు, మేజోళ్లు విప్పి పాదాలు పెడతాడు. కెమెరా నీళ్లలో ఉన్న నాలుగు పాదాల మీదికి వెళ్లి అక్కడే ఉంటుంది. ఉపన్యాసం లేదు. జాతి అన్న మాటే రాదు.

అంతకు ఐదేళ్ల ముందు, 1964లో, ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఒక హోటల్ కొలనులో దిగారని మేనేజర్ ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. అంత దూరం పోనక్కర్లేదు. ఈ ఊళ్లోనే హైలాండ్ పార్క్ కొలను 1931లో తెరిచినప్పుడు ఈతకు వెళ్లిన నల్లవాళ్లను కొట్టి తరిమారు. నీళ్ల దగ్గర ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదన్న లెక్కలు మన ఊళ్ల బావుల దగ్గర చూసినదాన్ని. ఆ తొట్టి నాకు పరాయి దేశం తొట్టిలా అనిపించలేదు.

1993లో ఇద్దరూ మళ్లీ అదే సన్నివేశం చేశారు. అందులో క్లెమన్స్ పాదాలు రోజర్స్ తుడిచాడు.

ఇంకో సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది సగం నిజమవుతుంది. క్లెమన్స్ స్వలింగ ప్రేమికుడు. అది బయటపడితే కార్యక్రమం నిలవదని, గుట్టుగా ఉంచమని రోజర్స్ ఆయనను కోరాడు. ఆ కాలానికి భయపడి అడిగిన మాట. క్లెమన్స్ దానివల్ల ఎంత బాధపడ్డాడో, అయినా రోజర్స్‌ను ఎంత ప్రేమించాడో తనే చెప్పాడు. నువ్వు ఉన్నట్టుగానే నాకిష్టం అన్న మాట చెప్పిన మనిషి, ఒక స్నేహితుడితో ఆ మాట మీద పూర్తిగా నిలబడలేకపోయాడు. అది తెలిశాక కూడా ఆయన మీద గౌరవం తగ్గలేదు నాకు. ఆ మాట ఎంత కష్టమైనదో మాత్రం తెలిసింది.

మే 18, గురువారం

జెఫ్ ఎర్లాంగర్ వచ్చిన 1981 ఎపిసోడ్‌ను మనవరాలితో కలిసి చూశాను. జెఫ్‌కు అప్పుడు పదేళ్లు. పసితనంలోనే వెన్నులో కణితికి ఆపరేషన్ అయి నడక రాలేదు. కరెంటు చక్రాల కుర్చీలో పేటలోకి వస్తాడు. ముందుగా రాసిపెట్టుకున్న మాటలేవీ లేవట. కుర్చీ ఎలా నడుస్తుందో చూపిస్తాడు, తన శరీరం ఎందుకు అలా ఉందో పెద్ద డాక్టర్‌లా వివరిస్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి పాట పాడతారు. రోజర్స్ ఎక్కడా అయ్యో అనడు. ఆసక్తిగా వింటాడు, తెలియంది అడుగుతాడు.

1999లో రోజర్స్‌ను టీవీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్న సభలో జెఫ్‌ను చెప్పకుండా వేదిక మీదికి తెచ్చారు. సూటు వేసుకున్న రోజర్స్ కుర్చీలోంచి లేచి, మెట్ల కోసం చూడకుండా నేరుగా వేదిక మీదికి ఎక్కేశాడు. జెఫ్ పెద్దయ్యాక మాడిసన్‌లో వికలాంగుల హక్కుల కోసం పనిచేశాడు. 2007లో పోయాడు.

మా పిల్ల తెర వంక వేలు చూపించి, “అమ్మమ్మా, ఆ కుర్చీ ఎటు నొక్కితే ఎటు పోతుంది?” అంది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. రోజర్స్ జెఫ్‌ను ముందుగా అడిగింది కూడా ఆ కుర్చీ సంగతే. ఇద్దరం కలిసి ఆ మీటలన్నీ చూశాం.